కారు టాపు మీద చెప్పులు

ఆ షెడ్డులో కారు టాపు మీద ఒక జత రబ్బరు చెప్పులు కనిపించాయంటే, డిక్కీలో మనిషి ఉన్నాడని అర్థం. ఇది పెట్టెలక్క పెట్టిన రూలు. చెప్పులున్నంతసేపు ఆ కారుని ఎవరూ ముట్టుకోకూడదు. తాళంచెవి పెట్టెలక్క దగ్గరే ఉండాలి. లోపల్నుంచి మూడు దెబ్బలు వినబడగానే ఆమె డిక్కీ తియ్యాలి. పాటించినన్నాళ్లూ ఆ రూలు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

డిక్కీలో దూరే మనిషి ఆమె మొగుడు. వీధిలో అందరూ డిక్కీ మేస్త్రి అంటారు. కార్లలో పాటల సామాను బిగించడం అతని పని. అందులోనూ సబ్ వూఫర్, అంటే పాటలో ధమ్ ధమ్ మనే బరువు శబ్దాన్ని పలికించే పెద్ద స్పీకరు, అతనికి ప్రాణం. దాన్ని కారులో ఎక్కడ పెట్టాలన్నది మిగతావాళ్లకి ఖాళీ జాగా చూసుకునే పని. మేస్త్రికి మాత్రం అది పిల్లకి సంబంధం చూసినంత వ్యవహారం.

అతని పద్ధతి అంతా తలకిందులు. ముందు స్పీకర్ని తీసుకెళ్లి, కారు నడిపేవాడి సీట్లో కూర్చోబెడతాడు. తను పోయి, స్పీకరు పెడదామనుకున్న చోట పడుకుంటాడు. పాట పెట్టించి కళ్లు మూసుకుని వింటాడు. తను పడుకున్న చోట శబ్దం కమ్మగా వినిపిస్తే, రేపు స్పీకరు అక్కడ పడుకున్నప్పుడు సీట్లో మనిషికీ అంత కమ్మగానే వినిపిస్తుందని అతని సిద్ధాంతం. అందుకోసం సీటు కింద తల దూరుస్తాడు, వెనక సీటు ముందు ముడుచుకుంటాడు, చివరికి డిక్కీలో పడుకుని మూత వేయించుకుంటాడు. మూత తెరిచి వింటే అది డిక్కీ వినికిడి కాదు, వీధి వినికిడి అంటాడు. ఫోను కూడా వెంట తీసుకెళ్లడు. ఆంప్లిఫయర్ పక్కన ఫోనుంటే స్పీకర్లో టిర్రు టిర్రుమని గోల చేస్తుంది కదా, అందుకని బల్ల మీదే పడేసి పోతాడు. చూసినవాళ్లకి నవ్వొచ్చే పద్ధతే. కానీ అతను బిగించిన స్పీకర్ని ఇంకోచోటికి మార్పించుకున్నవాడు ఇంతవరకూ లేడు.

పెట్టెలక్క పేరు ఆ స్పీకర్లు కూర్చునే చెక్కపెట్టెల వల్ల వచ్చింది. కొలత తీసి, చెక్క కోసి, గమ్ము పూసి, మీద మెత్తటి కార్పెట్ గుడ్డ అంటించేదాకా అంతా ఆమే. కార్లని షెడ్డులోకి తేవడం, బయట పెట్టడం కూడా ఆమే. షెడ్డు గుమ్మంలో సిమెంటు గట్టు ఒకటుంది. ఆ గట్టు దాటించేటప్పుడు పెట్టెలక్క కారుని ఎంత నెమ్మదిగా దించుతుందంటే, డాష్ బోర్డు మీద గ్లాసుడు నీళ్లు పెట్టినా తొణకవు. సగం బిగించిన సామాను కుదుపుకి ఊడిపోతుందని ఆమె భయం. "నీ చేతిలో కారుకి నిద్ర కూడా చెడదే" అని మేస్త్రి ఎగతాళి చేస్తాడు.

ఇద్దరికీ సరసమూ ఎక్కువే, అలకా ఎక్కువే. ఒకసారి అతను లోపల్నుంచి మూడు దెబ్బలు కొడితే ఆమె తియ్యలేదు. "సినిమాకి తీసుకెళ్తానంటేనే తీస్తా" అని డిక్కీ మీద కూర్చుని బేరం పెట్టింది. లోపల్నుంచి అతను తిట్టాడు, బతిమాలాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఆ సినిమా ఇద్దరికీ నచ్చలేదు గానీ, ఆ బేరం గురించి చెప్పుకుని చాన్నాళ్లు నవ్వుకున్నారు. ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అంటారు. వీళ్ల గింజ మాత్రం ఒక్కోసారి అద్దానికి గమ్ము పూసినట్టు అంటుకుపోయేది.

ఆ రోజు గొడవకి కారణం ఒక తెల్ల కారు.

ఇంకా నంబరు ప్లేటు కూడా రాని కొత్త కారు. యజమాని పెళ్లికాని కుర్రాడు, నిలకడ లేని మనిషి. ఫోను చేస్తే "హలో" అనకముందే "అయిపోయిందా?" అంటాడు. పెట్టెలక్క అతనికి తొందరబాబు అని పేరు పెట్టింది. అతనికి కావలసింది ఒక్కటే, తను వీధిలోకి వస్తే వీధికి తెలియాలి.

ఈ కారుకి సబ్ వూఫర్ డిక్కీలో వద్దని పెట్టెలక్క మొదట్నుంచీ చెబుతోంది. కారు చిన్నది, డిక్కీలో పెడితే మోతే గానీ పాట ఉండదు, డ్రైవరు సీటు వెనకాల సన్నటి పెట్టెలో నిలబెడదాం అంది. అనడమే కాదు, రోజుల తరబడి కూర్చుని ఆ సందుకి సరిపోయే పెట్టె చేసింది. అంచులు చేత్తో నిమిరితే ఎక్కడా గరుకు తగలని పెట్టె అది. మేస్త్రి దాన్ని చూసి "బాగుంది" అని గోడకి ఆనించాడు. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. తన ధోరణిలో తను డిక్కీని సిద్ధం చేసుకుంటూ పోయాడు. రేకు గిలగిలలాడకుండా లోపలంతా దళసరి తారు షీట్లు అంటించాడు. శబ్దం బయటికి పోకుండా ఉన్న కన్నాలన్నీ స్పాంజితో కుక్కాడు. వెనక సీటు వీపుకి చెక్క బిగించాడు. మూత లోపలివైపు గడియ కూడా కనబడకుండా ఇంకో చెక్క బిగించాడు. "ఈగ దూరే సందు లేదు చూడు" అని మురిసిపోయాడు.

ముందురోజు తొందరబాబు వచ్చి గోడకి ఆనించిన పెట్టె చూశాడు. "ఇదేంటి మేస్త్రీ, ఇది నాదా?" అనడిగాడు.

"అది మా ఆవిడ సరదా సార్. పెట్టెలు కొట్టే మనిషికి బేస్ సంగతేం తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రి నవ్వుతూ.

పెట్టెలక్క అక్కడే ఉంది. అతను ఆమె వైపు చూడను కూడా లేదు. ఆ మాట ముల్లులా దిగబడింది. రాత్రి భోజనాల దగ్గర ఆమె పలకలేదు, పొద్దున టీ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టింది. అతనికి సంగతి అర్థమైంది గానీ, క్షమించమనడం అతని వంశంలో లేదు. అలవాటు ప్రకారం చెప్పులు విడిచి కారు టాపు మీద పెట్టాడు, స్పీకర్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు, పొడుగు వైరు కలిపి ఆంప్లిఫయర్‌తో సహా డిక్కీలోకి ఎక్కాడు.

"పాట చిన్నగా పెట్టు. నేను కొట్టినప్పుడు తియ్యి" అన్నాడు, మాట కలపడానికి అదొక దారి అన్నట్టు.

"ఎక్కడ పడుకోవాలో నీకే తెలుసుగా. పడుకో. నేను మాత్రం తియ్యను" అంది పెట్టెలక్క. మూతని దఢాలున వేసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం ఆగుతుందా? ఆమె ముందు తలుపు తెరిచి, తాళం తిప్పి, పాట పెట్టింది. తాళంచెవి తీసి జేబులో వేసుకుంటే పాట ఆగిపోతుంది కాబట్టి, ఇలాంటప్పుడు ఆమె కారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఈసారి కుర్చీ వేసుకోలేదు. కార్పెట్ గమ్ము అయిపోయిందని గుర్తొచ్చింది. నిజానికి సగం డబ్బా ఉంది. కాసేపు ఉడకనీ, పాట అయిపోయేలోగా వచ్చేస్తానుగా అనుకుని వీధి చివరికి నడిచింది.

గమ్ము కొట్టువాడు నిచ్చెనెక్కి డబ్బా వెతికాడు. దొరికిన డబ్బా మూత ఎండిపోయి ఊడి రాలేదు, ఇంకోటి వెతికాడు. పక్కన టీ కొట్టుంది. ఆమె టీ తాగింది. తాగుతున్నంతసేపూ లోపల అతను మూడు దెబ్బలు కొట్టి, తియ్యకపోతే మళ్లీ కొట్టి, "ఏమే, తియ్యవే" అంటుంటాడని ఊహించుకుని కొంచెం నవ్వుకుంది కూడా. ఆ నవ్వుని తర్వాత ఆమె చాలాకాలం క్షమించుకోలేకపోయింది.

తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ.

కారు ఉన్నచోట నూనె మరక ఉంది. గుమ్మం పక్కన ఒక చెప్పు బోర్లా పడి ఉంది, రెండోది కాలవ అంచున ఉంది. పెట్టెలక్కకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గమ్ము డబ్బా ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు.

పక్క షాపు టైర్ల తాత, పంక్చరు వేస్తూ తలెత్తాడు.

"తాతా, కారేదీ?"

"ఆ కుర్రాయన వచ్చి తీసుకుపోయాడమ్మా. స్పీకరు పక్క సీట్లోకి జరిపేసుకుని మరీ పోయాడు. పని అయిపోయిందేమో అనుకున్నా. కొత్త కారు మీద చెప్పులు పెడతారా అని తిట్టి, ఇదిగో ఇలా విసిరేశాడు."

"మేస్త్రి లోపలున్నాడు తాతా."

"ఏ లోపల?"

"డిక్కీలో!"

తాత చేతిలోని ట్యూబు నీళ్ల తొట్టిలో పడిపోయింది.

ఆమె మేస్త్రికి ఫోను చేసింది. బల్ల మీద అతని ఫోను మోగింది. ఆ మోత వినగానే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఏడవడానికి తీరిక లేదు. తొందరబాబుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎందుకు ఎత్తడం లేదో ఆమెకి తెలుసు. పక్క సీట్లో సబ్ వూఫర్ మోగుతుంటే ఫోను కాదు, పిడుగు పడ్డా వినబడదు. లోపల్నుంచి మూడు దెబ్బలు కొడితే అసలే వినబడదు.

బయట ఎండ మండిపోతోంది. తలకి గుడ్డ కట్టుకోకుండా ఎవరూ రోడ్డెక్కడం లేదు. ఆ ఎండలో రేకు డబ్బా, ఆ డబ్బాలో తారు షీట్లు, కన్నాలకి స్పాంజి, గడియ మీద చెక్క. ఈగ దూరే సందు లేదు. అతని పనితనం ఎంత గట్టిదో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎక్కడైనా ఒక్క మూల అతను పని చెడగొట్టి ఉండాలని పెట్టెలక్క జీవితంలో మొదటిసారి కోరుకుంది.

"నువ్వు బజారు రోడ్డుకి పో, నేను వంతెన వైపు పోతా" అన్నాడు తాత, సైకిలు తీస్తూ. "పోలీసులకి దారిలోనే ఫోను చేస్తా. కారు నంబరెంత?"

"నంబరింకా రాలేదు తాతా. తెల్ల కారు."

తెల్ల కార్లు రోడ్డు నిండా ఉన్నాయి. తాత పెడలు తొక్కాడు.

ఆమె స్కూటరు మీద బజారు రోడ్డు దాకా వచ్చి ఇంజను ఆపేసింది. చూసి పట్టుకోలేని కారుని విని పట్టుకోవాలి. చెవులు రిక్కించింది. ఉంది. ఎక్కడో ధమ్, ధమ్, ధమ్ అంటోంది. ప్రాణం లేచొచ్చింది. తల కుడివైపు తిప్పింది, అక్కడే ఉన్నట్టుంది. ఎడమకి తిప్పింది, అక్కడా ఉన్నట్టే ఉంది.

సన్నని శబ్దమైతే చెవి ఇట్టే పట్టేస్తుంది. గొలుసు ఏ మూల పడిందో చప్పుడుని బట్టి చెప్పేస్తాం. బరువు శబ్దానికి ఆ గుణం లేదు. పక్క వీధిలో ఉన్నా, నాలుగు వీధుల అవతలున్నా నీ చుట్టూరా ఉన్నట్టే ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మేస్త్రి ఈ సంగతి గొప్పగా చెప్పేవాడు. "అందుకే దీన్ని కారులో ఎక్కడైనా దాచెయ్యొచ్చు సార్, ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు." ఆ మాట ఇప్పుడు ఆమెకి గుర్తొచ్చింది.

చెవి పనికి రాకపోతే చెయ్యి ఉంది కదా. మధ్యాహ్నం మూసేసిన కొట్టు ఒకటి కనిపిస్తే, పోయి ఇనుప షట్టరు మీద అరచెయ్యి ఆనించింది. రేకు వణుకుతోంది. సందు దాటి ఇంకో షట్టరు ముట్టుకుంది. అక్కడ వణుకు తగ్గింది. వెనక్కి తిరిగి, స్కూటరు ఎక్కి, ఎదుటి వీధి షట్టరు ముట్టుకుంది. పెరిగింది. అలా తలుపులు ముట్టుకుంటూ పోయే ఆడమనిషిని చూసి దారినపోయేవాళ్లు విచిత్రంగా చూశారు. చూడనీ అనుకుంది. ఒక ఇంటి గుమ్మంలో గిన్నెలు తుడుస్తున్న పెద్దావిడ తనంతట తనే పలికింది.

"ఆ దరిద్రపు మోత గురించేనా అమ్మా? నా అలమరాలో గ్లాసులు కూడా కదిలాయి. ఇప్పుడే అటు పోయాడు, పెద్ద రోడ్డు వైపు."

పెట్టెలక్క అటు తిప్పింది. మోత పెరుగుతోంది. ఇక రోడ్డు మలుపు తిరిగితే కనబడుతుందేమో అన్నంతలో, ఠక్కున ఆగిపోయింది.

ఆమె స్కూటరు ఆపింది. వీధంతా మామూలుగా ఉంది. ఎవరో దగ్గారు, ఎక్కడో కుక్క మొరిగింది. ధమ్ మన్న చప్పుడు మాత్రం లేదు.

ఇంతసేపూ ఆ మోత ఆగితే బాగుండునని కోరుకుంది. మోత ఆగితేనే అతని దెబ్బలు వినబడతాయి. ఇప్పుడు ఆగింది. ఆగాక అర్థమైంది, ఆ మోత లేకపోతే తనకి దారి లేదని. పని అడకత్తెరలో పోకచెక్కలా అయింది. తొందరబాబు ఎక్కడో కారు ఆపేశాడా? తాళం వేసి, ఏ ఇంట్లోనో ఫ్యాను కింద కూర్చున్నాడా? కారు ఎండలో నిలబడి ఉందా? ఆ కారులో... ఆమె ఆ ఆలోచనని పూర్తి చెయ్యలేదు. మళ్లీ ఫోను చేసింది. "తియ్యి బాబూ, నీకు దణ్ణం పెడతా, తియ్యి" అని మోగుతున్న ఫోనుతో పైకే అంది. తియ్యను అన్న తన మాటే తిరిగొచ్చి తన చెవిలో పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అన్న మాటని ఇప్పుడెంత పట్టుకుంటే మాత్రం ఏం లాభం?

అప్పుడు మళ్లీ వినబడింది.

ధమ్. ధమ్. ధమ్.

ఆగింది. పాట లేదు, దరువు లేదు. మళ్లీ మూడే మూడు. ధమ్. ధమ్. ధమ్. మళ్లీ ఆగింది.

పెట్టెలక్క స్కూటరు హ్యాండిలు పట్టుకుని నిలబడింది. పాట ఎక్కడా అలా తెగదు. డిక్కీలో ఆంప్లిఫయర్ పక్కన పడుకున్న మనిషి, వైరు పీకి, మళ్లీ తాకించి, మళ్లీ పీకుతున్నాడు. తన పిడికిలి దెబ్బ ఎవరికీ వినబడదని తెలిసి, ముందు సీట్లో ఉన్న సబ్ వూఫర్‌తో తలుపు కొట్టిస్తున్నాడు. ఊరంతా వినబడేలా కొట్టిస్తున్నాడు. తియ్యవే, తియ్యవే, తియ్యవే.

"వస్తున్నా" అంది ఆమె, నడివీధిలో, ఎవరూ అడక్కుండానే. "వస్తున్నానయ్యా."

మూడు దెబ్బలు, ఖాళీ. మూడు దెబ్బలు, ఖాళీ. కానీ ఈసారి షట్టరు మీద చెయ్యి పెడితే వణుకు తగ్గుతోంది. కారు పక్క వీధి దాటి, వెనక్కి, తను వచ్చిన వైపే పోతోంది. ఒక్క నిమిషం ఆమెకి దిక్కుతోచలేదు. ఆ తర్వాత తొందరబాబు మొహం గుర్తొచ్చింది. కొత్త స్పీకరు తెగి తెగి మోగితే వాడేం చేస్తాడు? లూజు కనెక్షన్ అనుకుంటాడు. కొట్లాడటానికి తిన్నగా షెడ్డుకి పోతాడు. షెడ్డులో ఎవరున్నారు? తాత వంతెన దగ్గర, తను ఇక్కడ. ఎవరూ లేకపోతే ఆ నిలకడ లేని మనిషి కారు ఎండలో వదిలేసి ఎక్కడికైనా పోతాడు.

పెట్టెలక్క స్కూటరు తిప్పిన తిప్పుడికి వెనకాల వచ్చే ఆటో అతను నోటికొచ్చినట్టు తిట్టాడు. అందులో ఒక్క మాటా ఆమె చెవిన పడలేదు. చెవులన్నీ ఆ దెబ్బల మీదే ఉన్నాయి. మూడు, ఖాళీ. మూడు, ఖాళీ. తర్వాత రెండే వచ్చాయి. ఆ తర్వాత ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

తెల్ల కారు షెడ్డు ముందు, గట్టు కిందే, మండుటెండలో ఆగి ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి, ఇంజను చప్పుడు లేదు. తొందరబాబు షెడ్డు లోపల్నుంచి బయటికొస్తూ కనిపించాడు. చేతిలో తాళంచెవి తిప్పుతున్నాడు.

"ఏంటమ్మా ఇది, షాపు వదిలేసి ఎక్కడికి పోతారు? అంతా లూజు కనెక్షన్! మధ్యలో తెగిపోతోంది, మళ్లీ వస్తోంది. మేస్త్రి ఎక్కడ?"

"నీ డిక్కీలో."

"ఆఁ?"

"తాళం తియ్యి! నీ డిక్కీలో ఉన్నాడు! తియ్యి!"

తొందరబాబు కారు వైపు పరుగెత్తాడు. తాళంచెవి కింద పడేశాడు, తీశాడు, మళ్లీ పడేశాడు. ఆమె డిక్కీ మూత మీద పిడికిలితో మూడు దెబ్బలు కొట్టింది. రేకు చెయ్యి కాల్చింది. లోపల్నుంచి జవాబు లేదు. మళ్లీ కొట్టింది. "ఏమయ్యా, నేనే. నేనొచ్చాను, పలుకు" అంది. జవాబు లేదు. తొందరబాబు సీటు పక్కన మీట లాగాడు, మూత పైకి లేచింది.

మేస్త్రి ఒక పక్కకి ముడుచుకుని ఉన్నాడు. చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టుంది. కళ్లు మూతలు పడ్డాయి. కుడిచేతి వేళ్ల మధ్య ఇంకా వైరు ముక్క ఉంది. ఆమె అతని చంకల కింద చేతులు వేసింది, తొందరబాబు కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి షెడ్డు నీడలోకి మోసుకొచ్చి, సిమెంటు నేల మీద పడుకోబెట్టారు. ఆమె టైర్ల తాత నీళ్ల తొట్టి తెచ్చి మొత్తం అతని మీద కుమ్మరించింది. గోడకి ఆనించిన కార్పెట్ అట్ట తీసి గాలి విసిరింది. చెంపల మీద కొట్టింది. ఆ కొట్టడంలో సగం భయమే గానీ, మిగతా సగం కోపమే. నన్ను ఇంత హడలగొడతావా అన్న కోపం.

"అబ్బా" అన్నాడు మేస్త్రి.

అంత అందమైన మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

తాత సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. వస్తూనే సంగతి చూసి, మళ్లీ అదే సైకిలు మీద వీధి చివర డాక్టరు కోసం పోయాడు. తొందరబాబు గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "నాకు తెలీదు మేస్త్రీ. ఒట్టు, నాకు తెలీదు. తాళం దానికే ఉంది, ఫోను ఇంట్లో మర్చిపోయా, మా బావకి చూపించి వచ్చేద్దామని..." అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. అతని మీద అరవాలని పెట్టెలక్క నోరు తెరిచింది. తాళం దానికే ఎందుకుందో గుర్తొచ్చి మూసేసింది.

మేస్త్రి గుక్కలు గుక్కలుగా నీళ్లు తాగాడు. సగం నీళ్లు మెడ మీద కారాయి. కాస్త తేరుకున్నాక తొందరబాబు వైపు చూసి చెయ్యి ఊపాడు.

"సార్, డిక్కీలో ఏం బాగాలేదు సార్. మోతే గానీ పాట లేదు."

తొందరబాబుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మరి ఎక్కడ పెడదాం?" అన్నాడు, అలవాటు చొప్పున.

"ఆవిణ్ణడగండి. పెట్టె కూడా తయారుగా ఉంది" అన్నాడు మేస్త్రి.

ముందురోజు ఆ మాట అని ఉంటే పెట్టెలక్క ఆనందానికి హద్దు ఉండేది కాదు. ఇప్పుడది ఆమెకి సరిగ్గా వినబడను కూడా లేదు. తొందరబాబు ఐసు తెస్తానని లేచి బయటికి పరుగెత్తాక, ఆమె మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది.

"ముందే ఎందుకు వైరు పీకలేదు? అంతసేపు ఎందుకున్నావు అందులో?"

మేస్త్రి కళ్లు మూసుకునే మాట్లాడాడు.

"కొట్టాను. మూడు కొట్టాను. నేను కొట్టగానే నువ్వు పాట పెంచావు."

"నేనా!"

"నువ్వే అనుకున్నా. తియ్యనన్నావుగా. ఆ తర్వాత బండి కదిలింది. గట్టు దగ్గర కాస్త కుదిపినా, కోపంలో ఉన్నావులే అనుకున్నా. ఓహో, ఈసారి బేరం డిక్కీ మీద కూర్చుని కాదు, ఊరంతా తిప్పి పెడుతోంది అనుకున్నా. నేనన్న మాట కూడా అలాంటిదేగా. అందుకే ఊరుకున్నా. కోపం తగ్గాక తీస్తావులే అని పడుకున్నా."

పెట్టెలక్క అతని నుదుటి మీది తడి చేత్తో తుడిచింది. ఆ చీకట్లో, ఆ ఉక్కలో, ఇదంతా తన పెళ్లాం వేస్తున్న శిక్ష అనుకుని నోరుమూసుకుని పడుకున్నాడు. అంత పని తను చేస్తుందని నమ్మాడు. తను కూడా మరీ చెయ్యని మనిషేమీ కాదు. పాట పెట్టి, టీ తాగడానికి పోయిన మనిషే.

"మరి నేను కాదని ఎప్పుడు తెలిసింది?" అంది చివరికి.

"పెద్ద రోడ్డు మీద స్పీడు బ్రేకరుంది కదా. వాడు దాని మీద ఎగరేశాడు. నా తల పోయి మూతకి కొట్టుకుంది." అతను చెయ్యి పైకెత్తి, నెత్తి మీద బొప్పి తడుముకున్నాడు. "అప్పుడు పీకాను వైరు. నువ్వెంత కోపంలో ఉన్నా, నేను లోపలుంటే బండి అలా ఎగరెయ్యవు."

అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. అతను వైరు తాకించి తాకించి కాలిన వేళ్లతోనే ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఊరుకోవే, ఊరుకో" అన్నాడు. వీధిలో డాక్టరు స్కూటరు ఆగింది. పెట్టెలక్క కళ్లు తుడుచుకుని లేచింది. కాలవ అంచున ఉన్న చెప్పు, గుమ్మం పక్కన ఉన్న చెప్పు ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, అతని కాళ్ల దగ్గర జతగా పెట్టింది.